ముంజేతి జుమ్ము

టీమ్ నంబరు పదకొండు. నలుగురం.
సర్క్యూటు సవర జమ్మయ్యది, కోడు నఫీజాది,
డబ్బా అచ్చు పోయించడం లోకనాథం పని,
రిపోర్టు నాది.
అంటే తప్పులన్నీ చివరికి నా చేతిరాతలోకి వస్తాయి.

"ముందు సమస్యను వెతకండి,
మందు పట్టుకొని రోగి కోసం తిరగకండి"
అన్నారు గైడు మేడం.
ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ రాసుకున్నాం.
తర్వాత చేసింది సరిగ్గా అదే.
సెన్సరు ముందు కొన్నాం,
మనిషి కోసం ఆపైన బయల్దేరాం.

శ్రీకాకుళం కాంప్లెక్సులో ఆరింటి బస్సు,
పలాసలో దిగి ఇంకో బస్సు, కవిటి దాటాక ఆటో,
కొబ్బరితోటల మధ్య చక్రం కూరుకుపోయే ఇసుక.
బెందాళం కూర్మయ్య గారు
వారానికి మూడు రోజులు డయాలిసిస్ మంచం మీద,
మిగతా నాలుగూ ఆ మూడింటి అలసటలో.
చొక్కా చెయ్యి పైకి మడిచి
"సెయ్యెట్టి సూడండి బాబూ, కరవదు" అన్నాడు.

ధమనినీ సిరనీ కలిపి కుట్టిన చోట
చర్మం కింద ఒక జుమ్ము.
పాఠంలో చదివిందే.
వేలి కింద మాత్రం
గోనెసంచిలో చిక్కిన కందిరీగ.
జమ్మయ్య చెయ్యి తీసేశాడు, మళ్లీ పెట్టాడు.
అది ఆగితే ఆ చెయ్యి ఇక సూదికి పనికిరాదు,
కొత్త చోటు చూసి మళ్లీ కొయ్యాలి.

అందుకే మా పట్టీ.
ఆయన చేతికొకటి, ఆయన భార్య వేలికొకటి.
ఇక్కడి జుమ్ము అక్కడ పెద్దదై వణుకుతుంది.
దమయంతమ్మ తొడుక్కుంది.
హాల్ టికెట్ నంబరు వెతుక్కుంటున్నట్టు
నలుగురం ఆమె ముఖంలోకి చూశాం.
"నాకేటీ తెల్నేదమ్మా."
నఫీజా వణుకు పెంచింది. ఇంకా పెంచింది.
మోటారు రొద గుమ్మం దగ్గరున్న నాకు వినబడుతోంది,
ఆమె వేలికి తెలియడం లేదు.

అప్పుడు అరచేతులు తిప్పి చూపించింది.
ఇరవై రెండేళ్లు బట్టీలో పిక్కలు కొట్టిన వేళ్లు,
జీడి రసం తాగి తాగి
నల్లగా, నున్నగా, గీతలు చెరిగిపోయి.
"ఆధారు మిషనుకే నా ఏలు తెలదు,
మీ మిషను నా ఏలుకేటి తెలస్తాది?"
అని వంగి
ఆయన ముంజేతికి చెవి ఆనించింది.
రేత్తిరి మూడుపాల్లు లెగుస్తాదట.
జుమ్ముంటే పడుకుంటాదట.
లేకపోతే, అని మేం అడగలేదు.

తిరుగు బస్సులో గొడవ.
రివ్యూకి ఇరవై రోజులే అన్నాడు లోకనాథం,
డబ్బాకి పదిహేను వందలు పోశాం,
ఆమె వేలికి బదులు ఇంకెవరి వేలో రాసేద్దాం.
రాసేది నేను కదా, కిటికీ వైపు తిరిగాను.
నఫీజా ఏమీ అనలేదు,
టెక్కలి దాటేలోపు కోడు సగం చెరిపేసింది.

కరెంటు పోయి ఫ్యాను ఆగితే
హాస్టలు హాస్టలంతా లేచి కూర్చుంటుంది కదా?
ఆ మాట జమ్మయ్యది, అర్ధరాత్రి, సోల్డరింగు పొగలోంచి.

రెండో నమూనాకి అలారం లేదు.
చిన్న స్పీకరు, రాత్రంతా జుమ్మంటుంది,
మంచం దాటి వినబడనంత మెల్లగా.
ఆగితే మెలకువ రావాలి, అంతే.

బయటి కాలేజీ ఎగ్జామినరు కళ్లజోడు తీసి అడిగారు:
"బ్యాటరీ అయిపోయినా నిశ్శబ్దమే కదా?"
పరిమితులు అనే పేజీలో అది ఉంది, నేనే రాశాను,
నోట్లోకి మాత్రం రాలేదు.
పదికి ఆరున్నర.

ఫలితాల పేజీలో, పరీక్షించిన ఇళ్ల సంఖ్య: ఒకటి.
ఆ ఒకటీ ఆదివారం ఫోన్ చేసింది.
"పెట్టె బాగుంది, ఢిల్లేశ్వరమ్మా.
ముందు మూడుపాల్లు లెగిసీదాన్ని,
ఇప్పుడు ఒకపాలే."
ఆ ఒక్కసారీ ఎందుకండీ అన్నాను.
"బేటరీ ఉందో నేదో సూడ్డానికి."